గేటు బయట చెప్పే మాట

మా ఇంట్లో గొడుగులకు కొదవ లేదు. తలుపు వెనక, మంచం కింద, బీరువా మీద, ఎక్కడ చెయ్యి పెట్టినా ఒక పిడి తగులుతుంది. అన్నీ ఫ్యాక్టరీవాళ్ళు అమ్మకానికి పనికిరావని పక్కన పెట్టేసినవే. ఒకదానికి ఊచ కాస్త వంకర. ఒకదానికి గుడ్డ మీద రంగు మచ్చ. ఇంకొకటి చక్కగా తెరుచుకుంటుంది గానీ మూసుకోవడానికి మాత్రం బతిమాలించుకుంటుంది.

మా ఆయన గొడుగుల ఫ్యాక్టరీలో, వాన గదిలో పనిచేసేవారు. ఆ గది కప్పు నిండా చిల్లులు పొడిచిన గొట్టాలు ఉండేవి. నీళ్ళు వదిలితే లోపల అచ్చం వానే. తయారైన గొడుగుని ఆ వానలో తెరిచి పట్టుకుని, లోపలికి ఎక్కడైనా చుక్క దిగుతోందేమో చూడడం ఆయన పని. మండు వేసవిలో వీధంతా దుమ్ము కొట్టుకుపోతుంటే మా ఆయన మాత్రం వేళ్ళు నీళ్ళకు నాని, ముడతలు పడి ఇంటికి వచ్చేవారు. అందుకని వీధిలో అందరూ ఆయన్ని వానాయన అనేవారు. కాపురానికి వచ్చిన వారంలోనే నన్ను వానమ్మని చేసేశారు. మొదట్లో ఏడుపు వచ్చింది. తర్వాత ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి చూడడం మానేశాను.

వాన గదిలో నెగ్గిన గొడుగుల్ని వెనక పెరట్లో తెరిచి ఆరబెట్టేవారు. మా మేడమెట్లు ఎక్కితే ఆ పెరడు కనిపించేది. నల్లగా, గుండ్రంగా, ఒకదాన్నొకటి రాసుకుంటూ నేలంతా గొడుగులే. గాలి వీస్తే అన్నీ ఒకేసారి కదిలేవి, ఏదో పెద్ద ప్రాణి ఊపిరి పీల్చుకున్నట్టు. బట్టలు ఆరేసే వంకతో పైకి వెళ్ళి అలా చూస్తూ నిలబడిపోయేదాన్ని. నాకు పెళ్ళయ్యాక దొరికిన మొదటి వినోదం అదే.

మా వీధిలో దాదాపు అన్ని ఇళ్ళూ ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళవే. ఎదురింటి వదిన గుడ్డ ముక్కలు కుట్టే హాల్లో ఉండేది. అందుకే ఆమె కుట్టు వదిన. మూలింట్లో ఉండే పెద్దాయన పిడులు బిగించేవాడు. అందరికీ పిడి బాబాయే. పొద్దున్నే సైరన్ మోగితే వీధి వీధంతా తలుపులు వేసుకుని బయల్దేరేది. ఆ చప్పుడు విని నేను దేవుడి దగ్గర దీపం వెలిగించేదాన్ని. గడియారం చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. లోపల ఎవరూ "పని లేదు" అనే మాట అనకూడదు. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, దీపం ఆరితే కొండెక్కిందంటాం. అదే మర్యాద వాళ్ళు మిషన్లకీ ఇచ్చారు. ఆర్డర్లు రాక బెల్టులు ఆగిపోయి, అందరూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న రోజున కూడా ఎవరైనా వచ్చి ఎలా ఉందని అడిగితే, పక్కనున్న మిషను మీద అరచెయ్యి వేసి "నడుస్తోంది" అనేవారు. మిషన్లు వింటాయని పెద్దమేస్త్రి నమ్మకం. ఆ మాట చెప్పక తప్పని పరిస్థితి వస్తే, వినాల్సిన మనిషి భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా గేటు దాటించి, రోడ్డు మీద నిలబెట్టి చెప్పేవాడు. కొత్తగా చేరిన ఫిట్టరొకడు ఒకసారి హాలు మధ్యలో నిలబడి "ఇవాళ పని లేదు" అని గట్టిగా అన్నాడట. ఆ మధ్యాహ్నమే పెద్ద బెల్టు తెగింది. తెగే కాలం వచ్చింది కాబట్టి తెగిందని మా ఆయనే అంటారు. అంటూనే, తనైతే ఆ మాట ఎన్నడూ లోపల అనలేదని కూడా చెబుతారు.

చివరి రోజున పెద్దమేస్త్రి అందర్నీ గేటు బయటికి రమ్మన్నాడు. టిఫిన్ డబ్బాలు పట్టుకుని అందరూ ఎండలో నిలబడ్డారు. ఆయన గేటు మూసి, గొళ్ళెం పెట్టి, అప్పుడు చెప్పాడు. ఆవేళ మా ఆయన సాయంత్రం సైరన్ మోగకముందే ఇంటికి రావడం చూసి "ఏమైందండీ?" అని గుమ్మంలోంచి అడిగాను. ఆయన లోపలికి రాలేదు. మా ఇంటి ముందు ఇనప గేటు బయటే ఆగి, రోడ్డు మీద నిలబడి చెప్పారు. చెప్పాక లోపలికి వచ్చి కాళ్ళు కడుక్కున్నారు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట వినపడలేదు. వీధిలో మిగతా ఇళ్ళలోనూ అంతే.

అప్పటినుంచి ఆయన పొద్దున్నే లేచి, ఫ్యాక్టరీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చుంటారు. వీధిలోవాళ్ళు గొడుగు పాడైతే తెచ్చి ఇచ్చేవారు. ఈయన ఊచ సరిచేసి, తెగిన కొనకి దారం కట్టి ఇచ్చేవారు. ఇరుగుపొరుగు దగ్గర డబ్బు తీసుకోవడం ఆయనకి ఇష్టం ఉండదు. రానురాను ఆ గొడుగులు కూడా రావడం తగ్గిపోయింది. ఇప్పుడు బజార్లో దొరికేవి ఒక గాలికి తిరగబడితే జనం బాగుచేయించుకోరు, పారేస్తారు. ఆయన మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెద్ద పని ముందున్నవాడిలా, అలాగే కూర్చుంటారు. నేను దిండు గలీబులు కుట్టి ఇల్లు నెట్టుకొస్తున్నాను. దానికి బాధ లేదు. ఆ ఒళ్ళో పెట్టుకున్న చేతుల్ని చూస్తేనే నాకు దేవుడి మీద కొంచెం అలక వస్తుంది.

సాయంత్రం టీవీలో వార్తలు పెడతారు. దేశంలో ఇంతకుముందెన్నడూ లేనంతమందికి పని ఉందని ఒకామె చక్కగా నవ్వుతూ చదువుతుంది. బాణం గుర్తు పైకి లేస్తుంది. అది అబద్ధమని నేననను. అంత చదువు నాకు లేదు. ఎక్కడో ఎవరో పనికి వెళ్తున్నారులే, భగవంతుడు వాళ్ళని చల్లగా చూడాలి అనుకునేదాన్ని. ఆ బాణంలో మా వీధి కూడా ఉందని మాత్రం అప్పటికి నాకు తెలియదు.

పోయిన ఏడు ఒకమ్మాయి సర్వే కోసం మా వీధికి వచ్చింది. చేతిలో ఒక పలక లాంటి ఫోను, మెడలో కార్డు. మేమంతా లెక్కలమ్మాయి అన్నాం. వరండాలో కూర్చుని మా ఆయన్ని అడిగింది.

"పని చేస్తున్నారా అండీ?"

మా ఆయన పక్కనున్న గోడ మీద అరచెయ్యి వేశారు. "నడుస్తోందమ్మా."

"పోయిన వారంలో కనీసం ఒక గంటైనా పని చేశారా?"

"గంటేమిటమ్మా!" అని నవ్వారు.

ఆమె రాసుకుని, నేనిచ్చిన మంచినీళ్ళు తాగి వెళ్ళింది. వంటింట్లోంచి విన్నాను. నిజం చెప్పాలంటే, పరాయి మనిషి ముందు ఆయన తలవంచుకోనందుకు నాకు ముచ్చటగానే అనిపించింది. కుట్టు వదిన ఇంట్లో అదే జవాబు. పిడి బాబాయి ఇంకో మెట్టు ఎక్కి, "ఊపిరాడడం లేదమ్మా" అన్నాడట.

ఆ సరదా మా కొంప ఎంత ముంచిందో ఈ ఏడు తెలిసింది. వార్డు మెంబరు ఒకరోజు మా వరండాలో కూర్చుని చెప్పాడు. మూతపడిన ఫ్యాక్టరీ షెడ్డులో రెయిన్‌కోట్లు, సంచులు తయారుచేసే పని పెట్టడానికి పురపాలకం వాళ్ళు ఆలోచించారట. పని లేనివాళ్ళు ఎక్కువున్న చోట పెట్టాలని నియమం. పోయిన ఏడే మా వీధి పేరు చూశారట.

"చూస్తే ఏముంది? మీ వీధిలో అందరికీ పని ఉందని లెక్కల్లో పడింది. పక్క వార్డులో పెడదామా అంటున్నారు. ఈసారి సర్వేలో కూడా అలాగే వస్తే ఇక్కడి షెడ్డు కూలగొట్టి గోడౌన్ కట్టేస్తారు. మీ చేతుల్లోనే ఉంది" అన్నాడు.

మా ఆయన మెంబరు వెళ్ళాక లేచి, మేడమెట్లు ఎక్కి, షెడ్డు వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. దిగి వచ్చి, "వాన గది గొట్టాలు తుప్పు పట్టి ఉంటాయి. అయినా గీకితే పనికొస్తాయి" అన్నారు. అన్నేళ్ళలో ఆయన గొంతులో అంత ఆశ నేను వినలేదు. అందుకే నాకు భయం వేసింది.

లెక్కలమ్మాయి మళ్ళీ వస్తుందని తెలిసిన రోజు నుంచి మా వరండాలో రిహార్సల్ మొదలైంది. కుట్టు వదిన మాస్టరు. పిడి బాబాయి మొదటి బెంచీ విద్యార్థి.

"బాబాయ్, నేనే లెక్కలమ్మాయిననుకో. పని చేస్తున్నారా అండీ?"

పిడి బాబాయి గొంతు సవరించుకున్నాడు. "పని... అంటే... కొంచెం విశ్రాంతిగా ఉందమ్మా."

"విశ్రాంతా? పెన్షన్ తీసుకునే కలెక్టరువా నువ్వు? సూటిగా చెప్పు!"

"ఏమోనే, నోరు తిరగడం లేదు. నువ్వు చెప్పు చూద్దాం."

వదిన నోరు తెరిచింది. ఎదురింటి తలుపు, అంటే తన ఇంటి తలుపే, తెరిచి ఉంది. అటు చూసి నోరు మూసుకుంది.

"కట్టుకున్నవాణ్ణి పేరుపెట్టి పిలవమన్నా పిలుస్తాను గానీ ఈ మాట అనలేను వదినా" అంది నాతో.

"పిలిచావుగా మొన్న, మార్కెట్లో, గాడిదా అని" అన్నాడు పిడి బాబాయి.

"అది పేరు కాదు బాబాయ్, వర్ణన!"

అందరం నవ్వాం. మా ఆయన నవ్వలేదు. "సమయానికి అదే వస్తుందిలే" అన్నారు. రాదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

ఆ అమ్మాయి వచ్చిన రోజు వాన. గాలికి గొడుగు తిరగబడి, సగం తడిసి మెట్లెక్కింది. కుర్చీ చూపించేలోపే మా ఆయన చెయ్యి చాచారు.

"ఇలా ఇవ్వమ్మా దాన్ని."

"వద్దులెండి, అది పోయింది. కొత్తది కొనుక్కుంటాను."

"పోలేదు. భయపడింది, అంతే."

గొడుగు ఒళ్ళో పెట్టుకుని, వంగిన ఊచని బొటనవేలితో మెల్లగా నొక్కుతూ సరిచేశారు. ఆ చేతులు అన్ని రోజుల తర్వాత కదలడం చూసి నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఊడిన కొనకి దారం కట్టి, తెరిచి, వరండా చూరు కింద కారుతున్న ధారలో పట్టుకుని లోపలికి తొంగి చూశారు. వాన గదిలో అలాగే చూసేవారట.

అమ్మాయి సంచిలోంచి డబ్బు తీయబోయింది.

"లోపల పెట్టుకోమ్మా" అన్నారు.

ఆమె ఫోను తెరిచింది. "సరే, చెప్పండి. ఇప్పుడు పని చేస్తున్నారా?"

మా ఆయన పెదవులు కదిలాయి. చెయ్యి తనంత తాను గోడ మీదికి వెళ్ళింది.

"నడుస్తోంది" అన్నారు.

అని, కళ్ళు మూసుకున్నారు.

అమ్మాయి వేలు ఫోను మీద ఆనబోతోంది. నేను చెబుదామని గుమ్మం దాటాను. నా వెనకే దేవుడి గూడు, అందులో పొద్దున వెలిగించిన దీపం. మాట నాలుక చివరిదాకా వచ్చింది, అక్కడే కూర్చుంది. నన్ను నేను తిట్టుకున్నాను. ఆయన్ని ఏమనగలను? నా ఇంట్లో నేనే అనలేకపోతున్నాను కదా.

అప్పుడు పెద్దమేస్త్రి గుర్తొచ్చాడు. ఆ భుజం మీద చెయ్యి.

"అమ్మాయీ, ఆగు. ఏమీ నొక్కకు" అన్నాను. తలుపు వెనక నుంచి దొరికిన గొడుగుల్ని లాగాను. "ఏమండీ, లేవండి. గేటు బయటికి వెళ్దాం."

"ఈ వానలోనా ఆంటీ?" అంది అమ్మాయి.

"వానకి భయపడే ఇల్లా ఇది? రామ్మా."

మా ఆయన నా వైపు చూశారు. అర్థమైంది. లేచి, చొక్కా సరిచేసుకున్నారు. ముగ్గురం మెట్లు దిగాం. గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాక, నేను వెనక్కి తిరిగి గేటు మూసి గొళ్ళెం పెట్టాను.

"ఇప్పుడు అడుగు" అన్నాను.

అమ్మాయి ఏమనుకుందో ఏమో గానీ, పాపం, మొదటిసారి అడుగుతున్నట్టే అడిగింది. "పని చేస్తున్నారా అండీ?"

"లేదమ్మా" అన్నారు మా ఆయన. "పని లేదు. ఫ్యాక్టరీ మూసిన రోజు నుంచీ లేదు. పోయిన ఏడు నీకు చెప్పింది నిజం కాదు."

గొడుగు పిడిని రెండో చేతిలోకి మార్చుకున్నారు.

"పోయిన వారంలో ఒక గంటైనా, కూలికో లాభానికో..."

"లేదు."

"ఇందాక నా గొడుగు?"

"డబ్బు తీసుకోలేదుగా."

"తీసుకోకండి, దణ్ణం పెడతాను" అంది అమ్మాయి కంగారుగా. ముగ్గురం నవ్వేశాం.

నాకు ఆగలేదు. "అమ్మాయీ, తెలియక అడుగుతున్నాను. వారానికి గంట పని చేస్తే పని ఉన్నట్టేనా?"

"రూలు అంతే ఆంటీ."

"వారానికి ఒక్క పూట తింటే కడుపు నిండినట్టని ఎవరైనా రాసుకుంటారా?"

"నన్నడిగితే ఏం చెప్పను? అడగమన్నది అడుగుతాను, చెప్పింది నొక్కుతాను." ఫోను మీద పడ్డ చినుకు తుడుచుకుంది. "నాది కూడా ఈ సర్వే ఉన్నన్నాళ్ళే."

"తర్వాత?"

ఆమె మూసిన మా గేటు వైపు ఒకసారి చూసింది. పద్ధతి పట్టేసింది.

"బయటే ఉన్నాంగా, చెప్పేస్తాను. తర్వాత పని లేదు ఆంటీ."

మా ఆయన తన గొడుగు కొంచెం వంచి ఆమె మీదికి పట్టారు. ఆమె చేతిలో గొడుగు ఉంది. అయినా పట్టారు.

ఇంతలో ఎదురింటి గేటు చప్పుడైంది. కుట్టు వదిన గొడుగు వేసుకుని రోడ్డు మీదికి వచ్చి, "అమ్మాయ్, మా ఇంట్లోకి రావద్దు. నేనే వచ్చాను. రాసుకో" అంది. మూలింట్లోంచి పిడి బాబాయి, పిడి లేని గొడుగు కాడ పట్టుకుని, చెప్పులు టపటపలాడిస్తూ వచ్చాడు. జీవితమంతా ఊళ్ళోవాళ్ళకి పిడులు బిగించి, తనదానికి మాత్రం పెట్టుకోలేదని వదిన వెక్కిరించింది. ఇంకో ఇల్లు, ఇంకో ఇల్లు. అందరూ గేట్లు మూసి బయటికి వచ్చి నిలబడ్డారు. అందరివీ ఫ్యాక్టరీ పక్కన పెట్టేసిన గొడుగులే. గాలి వీచింది. రోడ్డంతా నల్లగా, గుండ్రంగా, ఒకదాన్నొకటి రాసుకుంటూ అన్నీ ఒకేసారి కదిలాయి. మేడమెట్ల మీద బట్టలు పట్టుకుని నిలబడిన కొత్త పెళ్ళికూతురు ఒక్క క్షణం నాలో లేచి, చూసి, మళ్ళీ కూర్చుంది.

షెడ్డు కూలగొట్టలేదు. చలికాలం వచ్చాక ఒక సగం తెరిచారు. కుట్టు వదినని మొదటే తీసుకున్నారు. రెయిన్‌కోట్లు చూడడానికి నీళ్ళల్లో నిలబడేవాడు కావాలని మా ఆయన్ని పిలిచారు. తుప్పు గీకడానికే వారం పట్టిందట. పిడి బాబాయికి అక్కడ పని దొరకలేదు, రెయిన్‌కోటుకి పిడి ఉండదు కదా. రోజూ గేటు దాకా వెళ్ళి అందర్నీ పలకరించి వస్తాడు. లెక్కలమ్మాయి మళ్ళీ కనపడలేదు. దీపం పెట్టేటప్పుడు ఆ పిల్లని కూడా తలుచుకుంటాను.

వార్తలు మారలేదు. మేం పని లేదన్నప్పుడూ బాణం పైకే లేచింది, ఉందన్నా పైకే లేస్తోంది. మా వీధి మాట ఆ లెక్కలో ఎక్కడ కలిసిందో, అసలు కలిసిందో లేదో నాకు తెలియదు. నవ్వుతూ చదివే ఆమె గేటుకి ఏ వైపు నిలబడి చదువుతోందో అని మాత్రం అప్పుడప్పుడు అనిపిస్తుంది.

నిన్న సాయంత్రం మా ఆయన ఇంటికి వచ్చారు. వేళ్ళు చూశాను. ముడతలు ఉన్నాయి గానీ, పాత రోజుల్లో ఉన్నంత లేవు.

"ఎలా ఉందండీ పని?" అన్నాను.

ఆయన గుమ్మం మీద చెయ్యి వేశారు. "నడుస్తోంది."

నేను కొంగుకి చేతులు తుడుచుకుని, మెట్లు దిగి, గేటు తెరిచి పట్టుకున్నాను. ఆయన నా వైపు చూసి, తల ఊపుకుంటూ, విప్పబోయిన చెప్పులు మళ్ళీ వేసుకుని రోడ్డు మీదికి వచ్చారు.

"పొద్దున నడిచింది. మధ్యాహ్నం నుంచి కూర్చున్నాం. గుడ్డ రాలేదు."

"రేపు వస్తుందా?"

"వస్తుందంటున్నారు."

"ఎవరు?"

ఆయన నవ్వు ఆపుకుంటూ అన్నారు, "లోపలున్నవాళ్ళు."

తర్వాత ఆయన లోపలికి వచ్చి కాళ్ళు కడుక్కున్నారు. నేను దీపం వెలిగించాను.